మెట్లకు సదరం శిబిరం పెట్టించండి

మహారాజశ్రీ భారత ప్రభుత్వం, సామాజిక న్యాయం–సాధికారత మంత్రిత్వ శాఖ, దివ్యాంగుల సాధికారత విభాగం వారి సముఖమునకు, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వాస్తవ్యుడూ, ఇంటి పన్ను గడువులోపలే కట్టేవాడూ, రెండు మోకాళ్ళూ అరిగినవాడూ అయిన ఒక గృహస్థు వ్రాసుకొను ఫిర్యాదు.

తమరు 2022 జూన్‌లో దివ్యాంగుల జాతీయ విధానం ముసాయిదా ఒకటి బయటపెట్టి, అభిప్రాయాలుంటే చెప్పుకోండి అన్నారు. 2006 నాటి పాత విధానానికి బదులు తేవాలనుకున్నది అది. అభిప్రాయాలు పంపే గడువు ఎప్పుడో తీరిపోయింది. నా అభిప్రాయం ఇప్పటికి తయారయింది. ఆలస్యమైందని తిరగ్గొట్టకండి. ఆలస్యం విషయంలో మనం మనం ఒకటే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఏమంటుంది? జనం వాడుకునే పాత ప్రభుత్వ భవనాలన్నీ, నిబంధనలు వచ్చిన అయిదేళ్ళలోగా, దివ్యాంగులు సుఖంగా వచ్చిపోయేలా మారిపోవాలంటుంది. నిబంధనలు వచ్చింది 2017 జూన్ 15న. అయిదేళ్ళు కలుపుకోండి. 2022 జూన్. అంటే ముసాయిదా వెలువడిన నెలే! పాత గడువుకి దినకర్మ, కొత్త ముసాయిదాకి పురుడు, ఒకే నెలలో ఒకే ఇంట్లో జరిగాయన్నమాట. మైల ఎవరికి ఎన్నాళ్ళో పురోహితుడికి కూడా తేలదు.

ఇక నా గోడు.

మా ఇంటికి వీధి వైపు మూడు మెట్లు. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వరు, దాని నెత్తినే కొత్తది పోస్తారు. వాననీళ్ళు నట్టింట్లోకి రాకూడదని మా నాన్నగారు ఇల్లు ఎత్తు చేయించి మెట్లు కట్టించారు. మెట్టుకి అర అడుగు. మా బావమరిది వచ్చి మాతో ఉండేదాకా ఆ మూడు మెట్లు అక్కడున్నాయన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అతనికి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ పనిచేయవు. చేతులు మాత్రం జిల్లాలో ఎవరికీ తీసిపోవు. మోటారు బిగించిన మిషను ముందు కూర్చుని జాకెట్టు కుట్టాడంటే, పెళ్ళిళ్ళ రోజుల్లో ఆడవాళ్ళు మా గుమ్మంలో వరస కడతారు. వాళ్ళందరూ మూడు మెట్లూ ఎక్కి లోపలికొస్తారు, కొలతలిచ్చి దిగి వెళ్ళిపోతారు. కుట్టేవాడే దిగలేడు.

మా ఇంటికి ర్యాంపు లేదని తమరు అనుకుంటారేమో. ఉంది. మా వీధిలో ప్రతి ఇంటికీ ఉంది. స్కూటరు కోసం. రాత్రిపూట బండి వీధిలో ఉంటే పెట్రోలు ఉండదని, మెట్ల నడుమ జానెడు వెడల్పున సిమెంటు పూసి వాలు కట్టించుకుంటాం. తెలుగునాట కొత్త ఇల్లు కట్టే ఏ తాపీ మేస్త్రీ దీన్ని మరిచిపోడు. అడక్కపోయినా కట్టేస్తాడు. బండికి మోకాళ్ళ నొప్పులుంటాయని మనవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. ఆ వాలు మీంచి చక్రాల కుర్చీ దింపాలని చూశాం. కుర్చీ ముందు వెళ్ళింది, మనిషి వెనక వెళ్ళాడు, మా ఆవిడ కేక ఇద్దరికంటే ముందు వెళ్ళింది.

దాంతో ప్రభుత్వం వారి ప్రమాణాలేమిటో కనుక్కున్నాను. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలట. మూడు మెట్లంటే అడుగున్నర. పద్దెనిమిది అడుగులు. టేపు తీసుకుని వీధిలోకి దిగాను. గుమ్మం దగ్గర్నుంచి మురిక్కాలవ దాకా ఆరడుగులు మాది. కాలవ మీద పలక రెండడుగులు, అది ఎవరిదో ఇంకా తేలలేదు. మిగతా పదడుగులూ రోడ్డు. ప్రమాణాల ప్రకారం కడితే మా ర్యాంపు వీధి దాటి సరిగ్గా ఎదురింటివారి తులసికోట దగ్గర దిగుతుంది.

"ఏటండీ, నడివీధిలో ఆ టేపేటి, ఆ వంగడమేటి? ఎదురింటోల్లు హద్దు తగువనుకుంటన్నారు, లోపలికి రండి" అంది మా ఆవిడ.

మేస్త్రిని పిలిపించాను. "బాబూ, పద్దెనిమిది అడుగులేటండి? ఇంటికా, నాగావళి మీద వంతెనకా?" అన్నాడు. అనుభవజ్ఞుడు గనక మరో దారి కూడా చెప్పాడు. గోడవారగా తిప్పి, మధ్యలో ఒక మలుపు పెట్టి, మా ఆవిడ మల్లెపందిరి తీసేస్తే సరిపోతుందన్నాడు. మల్లెపందిరికి ఆవిడ ఒప్పుకుంది, తమ్ముడు కదా. వాస్తు సిద్ధాంతి ఒప్పుకోలేదు. గుమ్మానికి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ర్యాంపుకి మెట్లెన్ని? సున్నా. సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా? స్కూలు లెక్కల మాస్టారిని అడిగితే నిస్సందేహంగా సరి సంఖ్యే అన్నారు. సరి సంఖ్య గృహస్థుకి అరిష్టమన్నాడు సిద్ధాంతి. వాస్తు పురుషుడికీ చక్రాల కుర్చీకీ రాజీ కుదిర్చే వాక్యం తమ ముసాయిదాలో ఒక్కటీ లేదు. రాబోయే విధానంలోనైనా చేర్చగలరు. చట్టాల కంటే సిద్ధాంతి మాట చెల్లే వీధులు దేశంలో చాలా ఉన్నాయి.

సరే, ఇల్లు నా సొంతం, నా ఖర్మ. బయటికి వద్దాం.

ఒక ఆఫీసు ఉంది. పేరు చెప్పను, మళ్ళీ అక్కడికే వెళ్ళాల్సినవాణ్ణి. దివ్యాంగుల కాగితమొకదాని మీద అక్కడ పై అంతస్తులో సంతకం కావాలి. లిఫ్టు లేదు. బంట్రోతు మాత్రం ఎంతో ప్రేమగా చెప్పాడు: "ఏటి పర్లేదు బాబూ, ఇద్దరు కుర్రోల్ని పిలండి. కుర్చీతోటే ఎత్తి పైకి పట్టుకొచ్చేస్తారు." బరువులెత్తడం ఆమదాలవలసకి కొత్త కాదు. ఈ ఊరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్ళి, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. అయితే ఆవిడ ఎత్తినవి ఇనుప పళ్ళేలు. పదిమంది చూస్తుండగా గాల్లో వేలాడినందుకు ఇనుము సిగ్గుపడదు. మా బావమరిది ఆ రోజు సంతకం వద్దన్నాడు.

పింఛను విషయానికి రాకపోతే అన్యాయం. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను మా మూడు మెట్లూ ఎక్కి ఇంట్లోకి వస్తుంది. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను రాష్ట్రంలో 3,000 నుంచి 6,000 అయింది. మంచం దిగలేనివారికి 15,000. సచివాలయం ఉద్యోగి గుమ్మంలో నిలబడి వేలిముద్ర తీసుకుని లెక్కపెట్టి ఇస్తాడు. ఇందులో ఢిల్లీ వారి చెయ్యి ఎంత? ఇందిరా గాంధీ పేరు మీదున్న జాతీయ పింఛను కింద నెలకు 300. అదీ 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకి దిగువన ఉంటేనే. 2012లో 200ను 300 చేశారు. ఆ తర్వాత అది కదల్లేదు. ఏ డాక్టరు పరీక్షించినా ఆ అంకెకి నూటికి నూరు శాతం రాసిచ్చేయొచ్చు.

పింఛనే కాదు. 2024 ఎన్నికల్లో 40 శాతం వైకల్యమున్నవారికీ, 85 ఏళ్ళు దాటినవారికీ ఓటు కూడా ఇంటి దగ్గరే వేసుకోమన్నారు. 2025 జూన్‌లో రేషన్ వ్యాన్లు ఎత్తేసి డిపోలు మళ్ళీ తెరిచినప్పుడు కూడా దివ్యాంగులకీ వృద్ధులకీ బియ్యం ఇంటికే పంపుతామన్నారు. మంచం మీదున్నవారికి ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ వరస చూడండి. డబ్బు మెట్లెక్కి వస్తోంది, బియ్యం మెట్లెక్కి వస్తున్నాయి, ఓటు పెట్టె మెట్లెక్కి వస్తోంది. మనిషి మెట్లు దిగడం మాత్రం ఎవరి పథకంలోనూ లేదు. ఈ దారినే పోతే జాతీయ విధానం చివరికి చేరేది ఎక్కడికి? అన్నీ ఇంటికొస్తాయి గనక మీరు ఇంట్లోనే ఉండండి అనే చోటికి. ఇదే మాట మా బావమరిది ముందు గంభీరంగా అన్నాను. అతను సూదిలో దారం ఎక్కిస్తూ, "బావా, పింఛను ఇంటికాడికి రాకపోయినా పర్లేదు. నానే ఎల్లి తెచ్చుకునీలాగుంటే తోవలో టీ తాగొద్దును కదా" అన్నాడు.

ఇప్పుడు సదరం, అంటే వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. మన ప్రభుత్వాలు మనిషిని కొలిచినంత శ్రద్ధగా లోకంలో మరి దేన్నీ కొలవవు. సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోవాలి. తేదీ వస్తుంది. ఆ తేదీకి చెప్పిన ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరుగారు వంచి, లాగి, తట్టి చూసి శాతం తేలుస్తారు. 40 వస్తే మనిషి పథకాల లోపల, 39 అయితే బయట. గుర్తింపు కార్డుకి రంగులు కూడా ఉన్నాయి: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 దాకా పసుపు, ఆపైన నీలం. ఇదంతా అయ్యాక శాశ్వత వైకల్యమని రాసిస్తారు. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో పింఛను తీసుకునే దివ్యాంగుల్ని మళ్ళీ పిలిచి పరీక్షించడం మొదలైంది. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. సెల్‌ఫోన్లో గంటలకొద్దీ ముచ్చట్లాడే చెవిటివారిని నేనెరుగుదును. ఏరెయ్యాల్సిందే. కాని రెండేళ్ళప్పుడు పోయిన కాళ్ళు ఈ మధ్య గాని తిరిగొచ్చాయేమో చూపించుకు రమ్మంటే, మా బావమరిది తన కాళ్ళ వంక అనుమానంగా చూసుకున్నాడు. మళ్ళీ ఇద్దరు కుర్రాళ్ళు. పరీక్ష గది గుమ్మానికి నాలుగు మెట్లు. ఎక్కలేనివాడు అర్హుడు, ఎక్కినవాడు అనర్హుడు అని బయటే తేల్చేస్తే డాక్టరుగారి కాలం కలిసొచ్చేది.

ఇంతకీ నా మోకాళ్ళకి వచ్చింది సున్నా. వయసు అరుగుదల వైకల్యం కాదట. రైల్లో వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చిలో ఎత్తేశారు, మళ్ళీ ఇవ్వలేదు. బావమరిదికి రాయితీ ఉంది, నాకు లేదు. అతను ర్యాంపు కావాలంటే హక్కు, నేను కావాలంటే సోమరితనం. ఈ అన్యాయాన్ని ప్రత్యేకంగా గమనించగలరు.

జాబితా సంగతి కూడా చెప్పుకోవాలి. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలు, 2016లో 21 చేశారు. మా పక్కనున్న మన్యంలో గిరిజనుల్ని పీడించే సికిల్ సెల్ జబ్బు అందులో ఉంది, సంతోషం. మా జిల్లా పేరు చెబితే దేశమంతా ముందు తలుచుకునే జబ్బు మాత్రం లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, ఆ ఉద్దానం పల్లెల్లో కొబ్బరితోటల మధ్య కిడ్నీలు పోగొట్టుకున్నవారిని లెక్కపెట్టడానికి దేశవిదేశాల పరిశోధకులు వచ్చి వెళ్ళారు. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్ మీదున్నవారికి రాష్ట్రం నెలకు 10,000 ఇస్తోంది. కాని జాతీయ చట్టం దృష్టిలో వాళ్ళు ఆ జబ్బు వల్ల వికలాంగులు కారు. వారానికి రెండు మూడు సార్లు రక్తం కడిగించుకుని ఆటోలో ఒరిగి ఇంటికొచ్చేవాడు ఏ ఉద్యోగం చేయగలడో, జాబితా రాసినవారు ఒక్కసారి ఆ ఆటోలో పక్కన కూర్చుంటే తెలుస్తుంది. మా జిల్లాని దాటిపోయిన జాబితాకి జాతీయమని పేరెందుకు?

లెక్కలంటే గుర్తొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.68 కోట్లు, నూటికి 2.21 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో భూమ్మీద ఆరుగురిలో ఒకరంటోంది. మిగతావాళ్ళు ఎక్కడున్నారో నేను చెబుతాను. మేడ మీద గదుల్లో ఉన్నారు. లెక్కలవాడు వచ్చి అడిగితే ఇంటాయన "మాకెవరూ లేరండి" అంటాడు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు మరి.

కోర్టులు ఊరుకున్నాయా అంటే, లేదు. రాజీవ్ రతూరి అనే చూపులేని పెద్దమనిషి 2005లో వేసిన కేసు మీద 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు మరోసారి తీర్పు చెప్పింది. చట్టం చేసి తీరాలంటుంటే, కింద రాసుకున్న నిబంధనలు చేస్తే బాగుంటుందని బతిమాలుతున్నాయని, 15వ నిబంధన చెల్లదని కొట్టేసి, తప్పించుకోవడానికి వీల్లేని కనీస ప్రమాణాలు మూడు నెలల్లో రాయమంది. ఆ కేసులో దేశమంతా పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారు. తెలుగునాట మెట్లకున్న అనుభవం అలా అక్కరకొచ్చింది. ఇరవై ఏళ్ళ కేసుకి మూడు నెలల గడువు! మా కాలవ మీద ఆ రెండడుగుల పలక పడడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. జరిమానా కూడా చట్టంలో ఉంది. మొదటి తప్పుకి 10,000 దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా. మేస్త్రి నాకు చెప్పిన అంచనాతో పోల్చి చూస్తే, మొదటి తప్పు చేయడమే చౌక.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చిన మా ఊరి పెద్దలందరూ ఒకటే కథ చెబుతారు: అక్కడ రోడ్లెంత బాగుంటాయో, మనవణ్ణి తోపుడు బండిలో పెట్టుకుని వీధి దాటుతుంటే గట్టు ఎలా వాలుగా దిగిపోతుందో. ఆ వాలు పసిపిల్లల కోసం వచ్చింది కాదు. చక్రాల కుర్చీల వాళ్ళు ఏళ్ళ తరబడి తగువులాడి తెచ్చుకున్నారు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో చట్టసభ భవనం ముందు కుర్చీలు వదిలేసి, ఆ మెట్ల మీద పాకుతూ పైకి ఎక్కారు. జులైలో అక్కడి దివ్యాంగుల చట్టం వచ్చింది. మనవాళ్ళు ఆ వాలు మీద నిలబడి ఫొటోలు దిగి, ఊరికొచ్చి, కొత్త మేడకి నున్నటి గ్రానైటు మెట్లు వేయించుకుంటారు. బేసి సంఖ్యలో.

కాబట్టి నా అభిప్రాయం చిత్తగించండి. ఇన్నాళ్ళూ కాలుని కొలిచారు. ఇకమీదట మెట్టుని కొలవండి. ప్రతి మండలంలోనూ భవనాలకి సదరం శిబిరం పెట్టించండి. భవనం తరఫున దాని అధికారి స్లాటు బుక్ చేసుకోవాలి. నిర్ణీత తేదీన భవనం ఫొటోలతో సహా స్వయంగా హాజరు కావాలి. రాలేకపోతే ఇద్దరు కుర్రాళ్ళని పిలుచుకోవాలి. డాక్టరు బదులు చక్రాల కుర్చీలో ఉన్న ఒకరు, చూపులేని ఒకరు, నా బోటి మోకాళ్ళవాడు ఒకడు కలిసి పరీక్షిస్తారు. లిఫ్టు లేని రెండంతస్తుల ఆఫీసుకి 80 శాతం. ర్యాంపు ఉండి దాని మీద స్కూటర్లు నిలబెడితే తాత్కాలిక వైకల్యం, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. గాజు పలక వెనక కూర్చుని మనం మూడుసార్లు చెప్పినా వినిపించుకోని కౌంటరుకి వినికిడి లోపం రాయాలి. చూపులేనివారి ఫోను చదవలేని ప్రభుత్వ వెబ్‌సైటుకి దృష్టి లోపం. దివ్యాంగుల మరుగుదొడ్డికి తాళం వేసి పాత ఫైళ్ళు పెట్టుకున్నచోట బహుళ వైకల్యం. 40 దాటిన ప్రతి భవనం గుమ్మానికీ పసుపు బోర్డు, 80 దాటితే నీలం బోర్డు కట్టాలి, అధికారి పేరుతో సహా. నయమైందని సర్టిఫికెట్ తెచ్చుకునేదాకా ఆ భవనం రంగుల ఖర్చు, జెండా పండగ ఖర్చు, టీ ఖర్చు నెలకు 300 మించకూడదు.

ఈ పథకం రాసి మా బావమరిదికి చదివి వినిపించాను. చివరిదాకా విని, పళ్ళ మధ్య దారం తెంపి, "బావా, బాగుంది గానీ మెట్లని మా జాబితాలో కలపకు. ఉన్న నాలుగు శాతం ఉద్యోగాల్లో అవి కూడా వాటాకొస్తాయి" అన్నాడు. అతని అభ్యంతరాన్ని ఇందుతో జతపరుస్తున్నాను.

ఈ ఫిర్యాదు మీద విచారణ పెట్టదలిస్తే మమ్మల్నిద్దర్నీ పిలవండి, తప్పక వస్తాం. గది కింది అంతస్తులో ఉండాలి. పై అంతస్తే ఖాయమంటే, కుర్రాళ్ళ కూలి తమ పద్దులోనే రాసుకోండి. ముగ్గురి కూలి. రెండో వైపు నన్ను పట్టుకోవడానికి ఒకడు కావాలి.